పరిగెత్తే పాదం

గంట కొట్టేలోగా ఆ కాగితం ఇస్తే చాలమ్మా, అప్పటిదాకా కూర్చోండి అన్నాడు ఈలమాస్టారు. ఆటల పీరియడ్ చూసే ఆయన. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుందని పిల్లలు పెట్టిన పేరది, అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. గంట నాలుగింటికి. ఇప్పుడు మూడూ ఐదు. ఒక్క సంతకానికి ఇంతసేపా, షాపులో పెద్దాయన నన్ను పంపించింది ఇక్కడ గాలి పీల్చుకోవడానికా అని ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అప్పటికే ఈల నోట్లో పెట్టేసుకున్నాడు, నోట్లో ఈల ఉన్న మనిషితో ఏం వాదిస్తాం. ఊదబోయి ఆగి, మళ్ళీ బయటికి తీసి, ఒక మాటన్నాడు. "కాగితం తీసుకోనని కాదమ్మా. తీసుకుంటే రిజిస్టర్లో ఎక్కుతుంది. ఎక్కితే ఏడాదంతా ఆటల్లేవు, వచ్చే ఏడు ఇంకెవరూ అడగను కూడా అడగరు. ఒక్కసారి మీ అమ్మాయిని చూసి ఇవ్వండి." చూడ్డానికేముంది, పదకొండేళ్ళుగా చూస్తూనే ఉంది కదా. వరండాలో ఉన్నది ఒకటే బెంచీ, అదీ ఒకటో తరగతి పిల్లలది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. రోజంతా చెప్పుల షాపులో గొంతుకూర్చుని పరాయి పిల్లల పాదాలు కొలిచే మోకాళ్ళు, ఇరవై ఏళ్ళ నౌకరీ చేసిన మోకాళ్ళు, కూర్చునేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు రెండుసార్లు పలుకుతాయి. నిజానికి ఈ ఇంట్లో మోకాలి నొప్పి ఎవరికైనా ఉందీ అంటే అది తనకే.

కూతురు మైదానం అవతల, మెట్ల పక్కన, బ్యాగుల కుప్ప దగ్గర కూర్చుని ఉంది. ఆటల్లో లేనివాళ్ళకు ఈ బళ్ళో అదే ఉద్యోగం, బ్యాగుల కాపలా. రెండు నెలలుగా అదే చేస్తోందని ఇవాళ మాస్టారు చెబితేగాని ఈమెకు తెలీదు. ఇంట్లో అడిగితే "ఆడుకున్నావా?" "ఆ." అంతే. ఆ 'ఆ' ఎంత పొట్టిదో ఇప్పుడు తెలిసింది. సంచిలోంచి కాగితం తీసింది, నాలుగు మడతలు, ప్రతి మడతా గోటితో గీసినట్టు సూటిగా ఉంది, అన్నింట్లోనూ అంత శుభ్రం పిల్లకి. రాసింది కూడా తనే. పొద్దున్న జడ వేస్తుంటే వెనక్కి తిరక్కుండా భుజం మీంచి అందించింది, సంతకం పెట్టమ్మా అని. మోకాలి నొప్పేంటే, ఏ మోకాలు అంటే, కాసేపు ఆలోచించి, "రెండూ" అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తండ్రి షిఫ్టుకి వెళ్తూ బూటు లేసు కట్టుకుంటూ, పెట్టెయ్యరాదూ ఆ సంతకం, రోజూ పొద్దున్నే ఈ ఏడుపు వదిలిపోతుంది అన్నాడు. ఏడుపు అన్నమాట నిజమే. ఆటల పీరియడ్ ఉన్న రోజున పిల్లకి అన్నం దిగదు, బూటొకటి కనిపించదు. చెప్పుల షాపు మనిషి ఇంట్లో బూటు కనిపించకపోవడం. కాగితం విప్పి మళ్ళీ చదివింది. 'ఆటల మాస్టారికి నమస్కారాలు. మా అమ్మాయికి మోకాలి నొప్పి. తనది పరిగెత్తే పాదం కాదు. అందుచేత ఈ సంవత్సరం ఆటల నుంచి మినహాయించగలరని కోరుతున్నాను. ఇట్లు,' ఆ తర్వాత ఖాళీ. ఎంత పెద్దమనిషిలా రాసింది ముండ, మినహాయించగలరని అట, ఆ మాట ఎక్కడ పట్టుకుందో. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఉత్తరాలు రాయడం ఈ వంశంలోనే ఉంది.

ఎందుకంటే ఇలాంటి ఉత్తరం ఇంతకుముందు ఒకటి ఉంది. ఈమె చిన్నప్పుడు ఈమె నాన్న రాశాడు. నాన్న ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు, సీసం అక్షరాలు, తలకిందుల అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసలో పెట్టేవాడు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి, అన్నం కలిపే ముందు ఆరుసార్లు కడుక్కునేవాడు. ఆయన చేతిరాత కూడా అచ్చులాగే ఉండేది. వాళ్ళ ఇల్లు ఆ ప్రెస్సు వెనక సందులోనే. సందు అంటే సందే, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి దిగాల్సిందే, కానీ సాయంత్రం ఐదయ్యేసరికి అదే ఓ మహా మైదానం అయిపోయేది. ఒక పక్క ప్రెస్సు గోడ, రెండో పక్క ఇళ్ళ అరుగులు, చివర్లో కత్తిరించి పారేసిన కాగితం పీలికల గుట్ట, తెల్లగా, మెత్తగా, అందులో పడితే దెబ్బ తగలదు. లోపల మిషను ధన్ ధన్ ధన్ అని కొట్టుకుంటుండేది. గోడకి చెయ్యి ఆనిస్తే ఆ చప్పుడు అరచేతిలోంచి మోచేతి దాకా పాకేది. ఆ గోడే వాళ్ళ ఆటలో కోట. గోడ ముట్టుకుంటే గెలిచినట్టు, ఆ లోపల దొంగ ముట్టుకుంటే అవుట్, అవుటైనవాడు తర్వాతి దొంగ. అన్నయ్యకు పదేళ్ళు, సందుకంతటికీ పెద్ద. తనకు ఐదు. తననీ ఆడించమని అమ్మ చెబితే అన్నయ్య తల గోక్కుని, అందరికీ వినపడేలా అన్నాడు: "మా చెల్లి ఆటలో అరటిపండు. సరేనా?" సరే అన్నారందరూ. అదేదో పదవి అనుకుంది తను. ఇంటికెళ్ళి, నాన్నా నేను అరటిపండుని అని చెప్పింది, నాన్న నవ్వితే కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది.

ఆ మూడేళ్ళు. ఆ మూడేళ్ళలాంటివి మళ్ళీ రాలేదు, పెళ్ళిలో లేదు, మొదటి జీతంలో లేదు, ఈ పిల్ల పుట్టినప్పుడు కొంచెం ఉంది. చెప్పుల్లేని కాళ్ళు, చెవుల పక్కన గాలి, వెనకెవరో తరుముతున్నారన్న భయంలో ఉండే గిలిగింత, గోడ దగ్గరవుతుంటే పొట్టలోంచి తన్నుకొచ్చే కేక, అరచేతులు గోడకి టప్పుమని తగలగానే లోపలి ధన్ ధన్ తన గుండెదో మిషనుదో తెలియకపోవడం. ఎంత పరిగెత్తిందీ, ఎవరికన్నా ముందా, వెనకా, అలాంటి ఆలోచన పుట్టనే లేదు. అలుపు అనే మాటకి అర్థం కూడా తెలీదు, పడుకోబెడితే పడుకునేది, అంతే. అందరికంటే తనే గొప్ప పరుగుకత్తె అని మాత్రం లోలోపల గట్టి నమ్మకం, ఎందుకంటే ఒక్కసారి కూడా తను అవుట్ కాలేదు, ఒక్కసారి కూడా! దొంగలు దగ్గరికొచ్చి, చెయ్యి చాచి, మళ్ళీ పక్కకి తిరిగి ఇంకెవరి వెనకో పోయేవాళ్ళు. వాళ్ళకి తను అందలేదనుకుంది. ఒక్కటే వెలితి, దొంగయ్యే అదృష్టం రాలేదు. ఓ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, నన్నొక్కసారి దొంగని చెయ్యమని అన్నయ్యకు చెప్పు నాన్నా అని వెక్కి వెక్కి ఏడ్చింది. మంచి కోరికే తల్లీ, మీ తాతలెవరికీ దక్కని భాగ్యం అన్నాడు నాన్న. అమ్మ ఆయన్ని గరిటెతో బెదిరించింది.

ఎనిమిదో ఏట ఒకరోజు, ఎవరూ చెయ్యకపోతే తనే దొంగయిపోయి, అన్నయ్యని పట్టుకుంది. అన్నయ్యని! సందులో ఎవరికీ దొరకనివాణ్ణి. కాగితం పీలికల గుట్టలో నడుం దాకా కూరుకుని, తుమ్మొస్తే ముక్కు నొక్కుకుని, వాడు వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చేదాకా ఆగి, ఒక్క దూకు దూకి వీపు మీద రెండు చేతులతో చరిచింది. అన్నయ్య అవుట్! అన్నయ్య అవుట్! సందంతా నవ్వులు. అరుగుల మీద పెద్దవాళ్ళు కూడా నవ్వారు. అన్నయ్య మాత్రం కోప్పడలేదు, అదే వచ్చిన చిక్కు, వాడు ప్రేమగా చెల్లి జుట్టులోంచి కాగితం పీలిక తీసి, "పిచ్చిమొద్దూ, నువ్వు అరటిపండువే. నువ్వు ముట్టుకున్నా లెక్కలోకి రాదు, నిన్ను ముట్టుకున్నా లెక్కలోకి రాదు" అన్నాడు. అప్పుడు తెలిసింది. మూడేళ్ళుగా తనని పట్టుకోలేక కాదు వాళ్ళు వదిలేసింది, పట్టుకుని ప్రయోజనం లేదు గనక. కాళ్ళల్లోంచి ఏదో దిగిపోయినట్టయింది. నిన్నటిదాకా ఉన్న కాళ్ళే, అదే సందు, అదే గోడ. మర్నాడు సాయంత్రం అన్నయ్య పిలిస్తే కాలు బెణికిందని చెప్పింది. అబద్ధం చెప్పడం అదే మొదలు, పైగా మనసుపెట్టి కుంటింది కూడా. ఇప్పుడు అడిగితే అన్నయ్యకు ఇదేం గుర్తుండదు. ఓసారి ఫోన్లో, నిన్ను ఏడవకుండా ఎలా ఆడించేవాణ్ణే అన్నాడు. అవును అన్నయ్యా అంది. వాడు చేసింది మంచే కదా.

ఈల మోగింది. మైదానంలో ఆరుగురు ఒక్కసారిగా లేచారు. బెంచీ మీద ఉన్నదల్లా ఉలిక్కిపడి చూసింది. ముందు ఉన్న పొడుగుకాళ్ళ పిల్ల అందరికంటే అంతదూరం ముందుంది, గీత దాటింది, దాటగానే మాస్టారి చేతిలో గడియారం వైపు పరిగెత్తింది, ఎంత సార్, ఎంత అని. ఆయనేదో చెప్పాడు. పిల్ల ముఖం ముడుచుకుపోయింది. నిన్నటికంటే తక్కువో ఎక్కువో, పక్కకెళ్ళి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. గెలిచి ఏడుపేమిటే తల్లీ! ఆఖరున బొద్దుపిల్లొకతె వస్తోంది, గీత ఇంకా సగం మైదానం దూరంలో ఉండగానే మిగతావాళ్ళు నీళ్ళకెళ్ళిపోయారు, అయినా అది నవ్వుకుంటూ, రెండు చేతులూ విమానంలా చాపి, చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా వంకర్లు తిరుగుతూ వచ్చి గీత మీద రెండు కాళ్ళతో ధబ్బున దూకింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తనే కొట్టుకుంది. ఈమెకి ఆ పిల్లని ఎత్తుకోవాలనిపించింది. ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదన్నమాట. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ప్రేమగానే చెబుతారు.

తనకి మాత్రం తర్వాత రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. బళ్ళో ఇద్దరు నాయకులు నిలబడి, నాకు నువ్వు, నాకు నువ్వు అని ఒక్కొక్కర్నీ ఏరుకునేవాళ్ళు, నాన్న అక్షరాలు ఏరినట్టు. చివరికి తనొక్కతే మిగిలేది. అప్పుడు ఆ ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, దీన్ని నువ్వే తీసుకో, కాదు నువ్వే అని మహా దాతల్లా ఒకరికొకరు దానం చేసుకోబోయేవాళ్ళు. ఆ రెండు నిమిషాలు చూపు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు, కాబట్టి కింద పెట్టింది, బూట్ల మీద. పరిగెత్తితే ఎగతాళి, పరిగెత్తకపోతే దెబ్బలు. పరిగెత్తాలంటే ముందు కాళ్ళు కదలాలి కదా, నలుగురు చూస్తున్నారనగానే అవి వేరేవాళ్ళ కాళ్ళయిపోయేవి. ఓ సాయంత్రం నాన్న ఒళ్ళో పడి ఏడిస్తే నాన్నకి కడుపు తరుక్కుపోయింది. కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, అచ్చు అక్షరాల్లో రాశాడు. 'మా అమ్మాయి సుకుమారి. ఆటలాడే శరీరం కాదు. దయతో మినహాయించగలరు.' ఓహో! మినహాయించగలరు అన్న మాట అక్కడిదా. ఆ ఉత్తరం కథ పిల్లకి తనే చెప్పింది కాబోలు, మీ తాతయ్య రాత ముత్యాల్లా ఉండేదని. సుకుమారి! ఆ మాట తనకెంత నచ్చిందో. కిరీటంలా పెట్టుకుని తిరిగింది. బ్యాగుల దగ్గర కూర్చుంది, ఆరేళ్ళు కూర్చుంది. వాళ్ళు విప్పిపడేసిన బూట్లు జతలు కూర్చింది. ఎవరి బూటు ఏ పక్క అరిగిందో చూసి ఎవరెలా నడుస్తారో చెప్పేది, ఈ విద్య అక్కడ నేర్చిందే, దీనితోనే ఇవాళ అన్నం తింటోంది. నాన్న పోయినప్పుడు ఆయన చొక్కా జేబులో కూడా ఒక ఉత్తరం ఉంటుందేమో అని వెతికింది, ఎందుకో. ప్రేమ ఉత్తరం అంటే తనకదే.

అవతల కూతురు లేచి వంగింది. ఏం చేస్తోంది? ఉత్తకాళ్ళతో పరిగెత్తే పిల్లలు విడిచిపెట్టిన బూట్లు ఒక్కొక్కటీ తీసి, జతకి జత, ముక్కులన్నీ ఒకే వైపుకి, గోడ పొడుగునా పేరుస్తోంది. ఒక బూటు తిప్పి అడుగు చూసింది, మడమ దగ్గర బొటనవేలితో రాసి చూసింది. అచ్చం తనే. మళ్ళీ కూర్చుంది పిల్ల, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, గడ్డం దాని మీద ఆనించి. ఈలమాస్టారు తర్వాతి ఆరుగుర్ని గీత మీద నిలబెట్టాడు. ఈల నోటికెత్తాడు. ఈమె పరుగు చూడ్డంలేదు, మెట్ల పక్కనే చూస్తోంది. ఈల మోగీ మోగకముందే, బ్యాగు కింద, కూతురి మడమలు రెండూ నేల మీంచి లేచాయి. మునివేళ్ళ మీద నిలిచాయి. అటువాళ్ళు గీత దాటేదాకా అలాగే ఉండి, మెల్లగా దిగాయి. ఈమె కళ్ళు నలుపుకుంది. తర్వాతి ఈలకి మళ్ళీ చూసింది. మళ్ళీ లేచాయి.

ఇరవై ఏళ్ళుగా ఈమెకి తెలిసిన సంగతి ఒకటుంది. కొత్త బూటు తొడిగి, ముక్కు మీద బొటనవేలితో నొక్కి, వేలెక్కడుందీ, కదుపు, ఏదీ నడిచి చూడు అంటే ఏ పిల్లా నడవదు. పరిగెడుతుంది. తలుపు దగ్గర్నుంచి కింద పెట్టిన అద్దం దాకా ఏడు అంగలు, అటూ ఇటూ ఉరుకుతుంది. తల్లులు అరుస్తారు, డబ్బాలు కూలతాయి, పెద్దాయన కౌంటరు మీంచి గుడ్లురుముతాడు. ఈమె మాత్రం నవ్వుకునేది. కానీ ఎనిమిదీ తొమ్మిదేళ్ళు దాటాక కొందరు పరిగెత్తరు. నాలుగడుగులు వేసి, అద్దంలో బూటు వైపు కాక చుట్టూ ఎవరు చూస్తున్నారా అని చూసి, ఆ సరిపోయింది అంటారు. వాళ్ళకి ఎవరో ఏదో చెప్పేశారని ఈమెకి వెంటనే తెలిసిపోయేది. పాపం అనుకుని, సాక్సు సర్ది, డబ్బా మూసేది. తన కూతురు ఏ రకమో ఎప్పుడైనా చూసుకుందా? దాని ముద్దుపేరు పిడుగు. మూడేళ్ళప్పుడు ఇంట్లో ఒక్క నిమిషం కూర్చునేది కాదు, స్నానం చేయించి తుడిచేలోగా చేతుల్లోంచి జారి తడికాళ్ళతో ఈ గదిలోంచి ఆ గదిలోకి ఉరికేది, గచ్చు మీద చిన్నచిన్న తడి పాదాలు వరసగా ఉండేవి, తండ్రి వాటి వెనకాలే తువ్వాలు పట్టుకుని, ఒసే పిడుగా ఆగవే అని. ఒసే పిడుగా. ఆ పేరు ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయింది? ఏడాదా, రెండేళ్ళా? ఒక పేరు ఇంట్లోంచి వెళ్ళిపోతే గమనించకుండా ఉన్నారే, గిన్నె కనిపించకపోతే ఇల్లంతా వెతుకుతాం కదా.

తడి పాదాలు. ఆగు. షాపులో కూడా తడి పాదాలే. రెండేళ్ళ కిందట, బళ్ళు తెరిచిన వారం, షాపులో ఇసకేస్తే రాలనంత జనం, బయట వాన. పిల్ల తడిసి వచ్చింది, చెప్పులు విడిచి, నాకూ పరుగు బూట్లు కావాలమ్మా, లేసులుండేవి, బళ్ళో పోటీలకి పేరిచ్చాను అంది. పోటీలు! అది అన్న మాట ఇప్పుడు వినపడుతోంది, అప్పుడు వినపడలేదు, రెండు చేతుల్లో నాలుగు డబ్బాలున్నాయి. కొలత చెక్క మీద నిలబడవే అంది. నిలబడి దిగితే గచ్చు మీద తడి ముద్ర పడింది, మధ్యలో వంపు లేకుండా నిండుగా, రొట్టెలాగా. ఈమెకి నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా, అచ్చం తన పాదమే, నాన్న పాదమే. తనతో పనిచేసే సేల్స్ అమ్మాయిని పిలిచి, నలుగురు తల్లుల మధ్య, నలుగురు పిల్లల మధ్య అంది: "ఇటు చూడవే, మా ఇంటి పాదం! ఇది పరిగెత్తే పాదం కాదమ్మా, కూర్చునే పాదం." అందరూ నవ్వారు. పిల్లా నవ్వింది. నవ్విందా? నవ్వుతూ ఆ తడి ముద్ర మీదికెక్కి నిలబడింది, కనపడకుండా. లేసుల్లేని నల్లబూట్లు తొడిగి, నడిచి చూడు అంటే, నాలుగడుగులు వేసి, చుట్టూ చూసి, సరిపోయింది అంది.

ఈమె కాగితం వంక మళ్ళీ చూసింది. 'తనది పరిగెత్తే పాదం కాదు.' పొద్దున్నించి నాలుగుసార్లు చదివింది ఈ ముక్క, ఎంత పెద్దమనిషిలా రాసిందీ అని మురిసింది, ఛీ, కళ్ళున్నాయా తనకి! పిల్ల కల్పించలేదు. కల్పించిందల్లా మోకాలి నొప్పి, అది పచ్చి అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఈ వాక్యం మాత్రం పిల్ల నిజమని నమ్మి రాసింది. ఎందుకు నమ్మదు, చెప్పింది ఎవరు? పాదాల సంగతి ఇంతకంటే తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు, ఊళ్ళో సగం మంది పిల్లల పాదాలు చూసిన చేతులు. అన్నయ్య అప్పటికి పిల్లాడే, వాడికేం తెలుసు. నాన్నకి అక్షరాలే తెలుసు. తనకో? అన్నీ తెలిసి, బొద్దు పాదమైతేనేం, చదును పాదమైతేనేం, ఎలాంటి పాదమైనా పరిగెడుతుందని రోజూ కళ్ళారా చూస్తూ, నోరు జారి కన్నకూతుర్ని ఆటలో అరటిపండుని చేసి కూర్చోబెట్టింది. అదీ ముచ్చటపడి! ఏడుపొచ్చింది. ఈ చిన్న బెంచీ మీద మోకాళ్ళ మధ్య తలపెట్టుకుని, ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పను అనుకుంది. నీది పరిగెత్తే పాదమే తల్లీ, ఆ రోజు వేళాకోళానికి అన్నాను అని చెప్పనా? నమ్మదు. ఏం ఫరవాలేదమ్మా అంటుంది, పొట్టిగా, 'ఆ' అన్నట్టే. నువ్వు బాగా పరిగెడతావు అంటే అదింకా అబద్ధం, బాగా అంటే ఎంత బాగా అని ఆ పొడుగుకాళ్ళ పిల్లలా గడియారం వైపు చూస్తుంది. అన్నయ్య ఆ రోజు ఏమని ఉంటే తను మర్నాడు ఆడేది? మంచిమాటలేవీ కాదు. ఒక్కటే, అరే, అవుటయ్యాను అని తల పట్టుకుని, దొంగైపోయి, తన వెనక పరిగెత్తి ఉంటే చాలు.

గంట కొట్టారు. పిల్లలందరూ బ్యాగుల మీద పడ్డారు. నిమిషంలో బూట్ల వరస చెల్లాచెదురైపోయింది, ఎవరూ థాంక్స్ చెప్పలేదు. కూతురు తన బ్యాగు తగిలించుకుని, ఈమెని చూసి, మైదానం అంచునే, గోడవారగా, చుట్టు తిరిగి వచ్చింది. మధ్యలోంచి వస్తే దగ్గర. అటువైపు ఈలమాస్టారు రిజిస్టరు చంకలో పెట్టుకుని ఇటే వస్తున్నాడు.

"పెట్టావా అమ్మా?"

"లేదే."

"అమ్మా! ఆయనొచ్చేస్తున్నారు. పెన్ను లేదా? నా దగ్గరుంది."

మోకాళ్ళు రెండుసార్లు పలికాయి. లేచి నిలబడి కాగితాన్ని మడతల మీదే మడిచి పిడికిట్లో పెట్టుకుంది. ఏం చేస్తోందో తనకే తెలియలేదు, చెప్పులు మాత్రం కాళ్ళలోంచి వాటంతటవే ఊడిపోయాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. "సంతకం పెడతాను. ఒట్టు. నన్ను ముట్టుకుంటే పెడతాను. అదిగో ఆ కుళాయిల గోడ నేను ముట్టుకునేలోపల."

"ఏంటమ్మా ఇది, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. నాదీ మా ఇంటి పాదమే పిడుగా, చూద్దాం."

పిడుగా అనగానే పిల్ల మొహం ఒక్కసారి అటూ ఇటూ అయింది. అప్పటికే ఈమె పరుగందుకుంది. పరుగా అది! సంచి ఒక పక్క కొట్టుకుంటోంది, జుట్టు ముడి ఊడింది, అరికాళ్ళలో చిన్నచిన్న రాళ్ళు గుచ్చుకుంటున్నాయి, నలభై ఆరేళ్ళ ఒళ్ళు గలగలా కదిలిపోతోంది. బొద్దుపిల్ల ఎక్కణ్ణించో ఈలకంటే గట్టిగా కేకేసింది, పట్టుకో పట్టుకో అని. పొడుగుకాళ్ళ పిల్ల కళ్ళు తుడుచుకోవడం ఆపి నవ్వేసింది. వెనక ఏమీ వినపడలేదు. రావట్లేదు, రాదు, అక్కడే నిలబడి సిగ్గుతో చచ్చిపోతుంటుంది, ఇంకోసారి దాని పరువు తీశానురా భగవంతుడా అనుకుంది. తర్వాత బ్యాగు నేల మీద పడ్డ చప్పుడు. తర్వాత అడుగులు. పలచగా, గబగబా, దగ్గరగా, ఇంకా దగ్గరగా, ఆ భయంలోని గిలిగింత, అదే అదే, వీపు మీద పాకింది, పొట్టలోంచి కేక తన్నుకొచ్చింది, సందులో వేసిన కేకే, ఇన్నేళ్ళూ ఎక్కడుందో. గోడ పది అంగలుంది. ఐదుంది. ఆగలేదు, కావాలని నెమ్మదించలేదు, నిజంగా పరిగెత్తింది. గోడకి చెయ్యి చాచింది. చెయ్యి తగిలేలోపల రెండు అరచేతులు వీపు మీద ధన్‌మని పడ్డాయి.

"అవుట్! అమ్మ అవుట్!"

ఈమె గోడ పట్టుకుని అలాగే జారి కూలబడింది. ఊపిరి అందడం లేదు, నవ్వో ఏడుపో తెలీడం లేదు. పిల్ల ఎదురుగా నిలబడి ఉంది, చెంపలు ఎర్రబడి, నుదుటి మీద జుట్టు అతుక్కుని, రొప్పుతూ, ఒక్క బూటుతో, రెండోది మైదానం మధ్యలో పడి ఉంది.

"ఇది... లెక్కలోకి వస్తుందా?" ఈమె అడిగింది.

"రాకపోతే? ఎంత గట్టిగా కొట్టానో తెలీలేదా!"

తెలిసింది. ఈమె పిడికిలి విప్పింది. కాగితం చెమటకి మెత్తబడి ఉంది. మాటంటే మాటే, పెన్నివ్వు అంది. ఈలమాస్టారు నాలుగడుగుల దూరంలో ఆగిపోయి రిజిస్టరు తెరవాలా వద్దా అని చూస్తున్నాడు. పిల్ల కాగితం వైపు చూసింది, మైదానం వైపు చూసింది, అక్కడక్కడా పడి ఉన్న అమ్మ చెప్పుల్నీ, తన బూటునీ చూసింది. వాటిని తీసి జత చెయ్యలేదు. మిగిలిన బూటు కూడా కాలితో విదిలించి పారేసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"పెన్ను బ్యాగులో ఉందిలే. ముందు లేమ్మా, నువ్వే దొంగవి."